గిర్ని చప్పుడు కింద

పద్మ ఫోన్ చేసేసరికి నేను ఎల్బీ నగర్‌లోని మా ఫ్లాటు వంటింట్లో గోధుమపిండి పాకెట్టు మూతిని కత్తెరతో కోస్తున్నాను. పిండి గిర్ని నడిపే ఇంట్లో పుట్టిన మనిషి పిండి పాకెట్టు కొనడమంటే బావులు తవ్వేవాడి కూతురు నీళ్ల సీసా కొన్నట్టే. అందుకే పుట్టింటివాళ్లు ఎవరైనా వస్తున్నారంటే దాన్ని ఫ్రిజ్ వెనక్కి తోసేస్తాను. ఫోనులో కూడా కనపడుతుందేమోనన్నట్టు ఆ రోజు పక్కకు జరిపాను. పద్మ మా తమ్ముడు నర్సింహ భార్య. ఎప్పుడూ క్షేమసమాచారాలతో మొదలుపెట్టే మనిషి, ఈసారి నేరుగా విషయంలోకి వచ్చింది. తమ్ముణ్ని దవాఖానలో చూపించారట. ఏళ్ల తరబడి పీల్చిన పిండి దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని, ఇంకా గిర్నిలో నిలబడితే ఊపిరి నిలబడదని డాక్టరు చెప్పాడట. మూసేద్దామంటే అమ్మ ఒప్పుకోవడం లేదు. తాను బతికుండగా గిర్ని ఆగదంటోంది. అరవైకి దగ్గరపడుతున్నా తమ్ముడు అమ్మ మాట దాటడు. "నువ్వొచ్చి చెప్పు వదినా. అత్తమ్మ నీ మాటైతే ఇంటది" అంది పద్మ.

అమ్మ నా మాట ఎప్పుడు విన్నదో నాకు గుర్తులేదు. కానీ తెలుగు టీచరుగా ఇన్నేళ్లు పిల్లలకు సంధులు చెప్పి రిటైరయ్యాను కనుక, ఇంట్లో ఎవరి మధ్య సంధి కుదర్చాలన్నా నన్నే పిలుస్తారు. మేము బడిలో నేర్పేది పదాల్ని విడదీయడమేనని, కలపడం వాటంతట అవే చూసుకుంటాయని వాళ్లకు తెలియదు. సరే, వస్తానన్నాను. ఆ క్షణం నుంచి కూర్చున్నచోట కూర్చోలేకపోయాను. చీర మార్చుకున్నాను. బీరువా తెరిచి, ఎందుకు తెరిచానో మరిచిపోయి మూశాను. అమ్మతో అనవలసిన మాటల్ని అద్దం ముందు వల్లెవేసుకుంటే నాకే క్లాసు పీకుతున్నట్టు వినిపించింది. మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లాను.

పైనుంచి చూస్తే ఆ దారంతా ఒకటే ఊరు. చైతన్యపురి కోచింగ్ సెంటర్ల బోర్డుల్లో ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు, వాటి వెనక హాస్టళ్ల బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లు, ఆ వెనక దిల్‌సుఖ్‌నగర్. మా నాయిన నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడ గిర్ని పెట్టిన కాలానికి ఇది పట్నానికి పల్లె, పల్లెకు పట్నం. సిటీ బస్సులు ఇక్కడిదాకా వచ్చి ఓపిక చాలక వెనక్కి మళ్లేవట. అవతల ద్రాక్షతోటలు, జొన్నచేలు, మధ్యమధ్య రాళ్లగుట్టలు. ఒక రైసుమిల్లులో కూలికి పనిచేసిన నాయినకు యంత్రాల మాట అర్థమయ్యేది. ఎవరో వదిలించుకున్న ఆయిల్ ఇంజను ఒకటి, ఒక జత రాళ్లు, రేకుల షెడ్డు, వీటితో మొదలుపెట్టాడు. ఇంజను పొగగొట్టం మీద ఒక ముంత బోర్లిస్తే అది కూతపెట్టేది. ఆ కూత తోటల మీదుగా పోయి గిర్ని నడుస్తోందని చుట్టుపక్కల ఊళ్లకు చెప్పేది. ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని బయల్దేరేవాళ్లు. తర్వాత కరెంటు మోటారు వచ్చింది. దానికి పొగా లేదు, కూతా లేదు. గిర్ని మూతబడిందనుకుని కొన్నాళ్లు జనమే రాలేదట. నాయిన స్వయంగా ఊరూరా తిరిగి, బతికే ఉన్నామని చెప్పుకోవాల్సి వచ్చింది. ఊళ్లో ఉన్నవాళ్లకు భూముల పట్టాలుండేవి. మాకున్న పట్టా ఒక్కటే, మోటారు నుంచి రాళ్లకు తిరిగేది. అది తెగితే ఆ పూట మా ఇంట్లో కూడా అన్నీ తెగేవి, ముఖ్యంగా అమ్మ మాట.

షెడ్డుకు ఆనుకుని ఉన్న రెండు గదులే మా ఇల్లు. ఆ ఇంట్లో పిండి పడని వస్తువు లేదు. పెరుగు గిన్నె మీద మూతకు, మూత మీద గరిటెకు, గరిటె తీసిన చేతికి అంతా పిండే. బడిలో నన్ను పిండిబొమ్మ అనేవాళ్లు. ఇప్పుడు తల నెరిసిందని ఎవరైనా జాలిపడితే నాకు నవ్వొస్తుంది. మా ఇంట్లో పదేళ్లకే అందరి తలా తెల్లనే, తలంటుకుంటేనే నల్లబడేది. తెల్లవారగానే నాయిన రాళ్లు విప్పి చూసి, అరిగిన చోట ఉలితో కక్కు కొట్టేవాడు, అంటే రాయికి మళ్లీ గరుకు తెప్పించేవాడు. ఆ టకటకతోనే మాకు మెలకువ. ముందు బియ్యం పట్టేవాడు, తర్వాత గోధుమలు, వాటి వెనక జొన్నలు, చివరికి శనగపప్పు. ఆ వరస తప్పితే ఒకరి రొట్టెలో ఇంకొకరి పంట తేలేది. పిండి దిగే గొట్టానికి కట్టే గుడ్డ తొడుగు నాయిన పాత ధోవతితో అమ్మ కుట్టేది. సాయంత్రం దాన్ని విప్పి వాకిట్లో దులిపితే కాసేపు మా వాకిలి కనపడేది కాదు. మరి ఆ వాసన. వేడి మీద ఉన్న గోధుమపిండి వాసన ఎలా ఉంటుందని నన్ను ఎవరైనా అడిగితే, ఇన్నేళ్లు తెలుగు చెప్పిన నోటికి మాట దొరకదు. ఎండలో ఆడుకుని వచ్చిన పసిపిల్ల మెడ దగ్గర వాసన దానికి కాస్త దగ్గర. డబ్బాలో చెయ్యి పెడితే మణికట్టుదాకా గోరువెచ్చగా ఉండేది. చలికాలం గిరాకీలు ఎవరూ చూడకుండా వాళ్ల పిండిలో చేతులు కాచుకునేదాన్ని. ఇళ్లల్లో తిరగలి విసరడం పోయాక ఆడవాళ్లకు విసుక్కోవడానికి తీరిక దొరికిందని నాయిన ఒకసారి అన్నాడు. ఇంట్లో ఆయన వేసిన జోకుల్లో నాకు గుర్తున్నది అదొక్కటే.

ఇంట్లో ఆయన అంత మితభాషి. కూరలో ఉప్పు మరిచిపోయినా తినేసి లేచేవాడు. అసలు గిర్ని నడుస్తున్నంతసేపు మా ఇంట్లో ఎవరి మాటా చెల్లేది కాదు, అంత చప్పుడు. అన్నీ సైగలే. వేళ్ల కొసలు కలిపి చూపిస్తే బియ్యం. అరచేతి మధ్య గోటితో గీత గీస్తే గోధుమలు. నోటి ముందు చెయ్యి విసురుకుంటే మిరపకాయలు. బొటనవేలు చూపుడువేలు రాస్తే ఇంకా మెత్తగా పట్టమని. అమ్మ గుమ్మంలోంచి పిడికిలి నోటి దగ్గరికి తీసుకెళ్తే అన్నానికి రమ్మని, అదే పిడికిలి మా వైపు తిప్పితే వీపు చూసుకోమని. అటువంటి ఇంట్లో నాకు ఎంతో ఇష్టమైన దృశ్యం ఒకటుంది. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించుతూ చూసేదాన్ని. గిరాకీల మధ్య, పిండి మబ్బులో, నాయిన నవ్వుతూ ఉండేవాడు. భుజాలు ఎగిరెగిరి పడేవి. నడుం వంగిపోయేది. ఒక చేత్తో డబ్బాల బల్లను పట్టుకుని, ఇంకో చేత్తో తువ్వాలు తీసి కళ్లు తుడుచుకునేవాడు. ఆ చప్పుడులో నవ్వు వినపడేది కాదు, కనపడేదంతే. ఎవరు ఏం చెప్పి నవ్వించారోనని నాకు అసూయగా ఉండేది. ఇంట్లో అమ్మ గదమాయింపుల మధ్య దాచుకున్న నవ్వంతా అక్కడికి వెళ్లి ఖర్చు పెడుతున్నాడనుకునేదాన్ని. ఇప్పటికీ ఎవరైనా నేను రాసే కథల పుస్తకాల్లో హాస్యం ఎక్కడిదని అడిగితే మా నాయిన ఇచ్చిన ఆస్తి అంటాను. వేదికల మీద కూడా అన్నాను. చప్పట్లు కొట్టారు.

తమ్ముడు బడి దాటకముందే నాయిన పోయాడు. ఆ చివరి చలికాలమంతా పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీశాడు. ఆయన్ని బీడి తిన్నదని అమ్మ తేల్చేసింది. గూట్లో మిగిలిన బీడికట్టలన్నీ తెచ్చి పొయ్యిలో పడేసింది. నర్సింహ చేత జీవితంలో బీడి ముట్టనని ఒట్టు వేయించుకుంది. పదో రోజు దాటగానే కొంగు నడుముకు చుట్టి గిర్ని తలుపు తీసింది. భర్త పోయిన ఆడమనిషి పొద్దున్నే రాళ్లు తిప్పడమేమిటని గొణిగినవాళ్లున్నారు. గొణుగుడు వినపడకపోవడానికి గిర్నికి మించిన చోటు లేదు కదా. అమ్మ మోటారు వేసింది. ఆ పిండితోనే నన్ను చదివించింది, తమ్ముణ్ని మనిషిని చేసింది, షెడ్డు మీద పైఅంతస్తు వేయించింది. ఆమె లెక్కలో బీడి చంపింది, గిర్ని సాకింది. ఆ రెండు ముక్కల మీదే ఆమె తర్వాతి బతుకంతా నిలబడింది. ఇప్పుడు డాక్టరు వచ్చి రెండో ముక్కను కదుపుతున్నాడు.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం కావస్తోంది. గల్లీ రెండు వైపులా లేడీస్ హాస్టళ్లు లేచి, వాటి మధ్య మా షెడ్డు పళ్ల వరసలో ఊడిపోని పాలపన్నులా ఉంది. అయితే ఖాళీగా మాత్రం లేదు. ఒకప్పటి తట్టల స్థానంలో మూతల డబ్బాలు, జొన్నల స్థానంలో కొర్రలు, రాగులు, ఏవేవో గింజలు కలిపిన సంచులు. మేము పేదతనంతో తిన్నవన్నీ ఇప్పుడు డాక్టర్లు రాసిస్తుంటే జనం తింటున్నారు. గిరాకీలు కూర్చునే బల్ల మీద ఒక హాస్టల్ మెస్సు ఆమె కూర్చుని ఉంది. ఆమె పక్కన రాగుల డబ్బా ఖాళీ చేయించి నిలబడిన పెద్దావిడ మా కాలనీకి గుంటూరు నుంచి వచ్చి చాన్నాళ్లయింది. ఇప్పటికీ గిర్నిని "మర" అనే అంటుంది. వెనక తమ్ముడు, మూతికి తువ్వాలు కట్టుకుని, ఒక చేత్తో డబ్బాల బల్ల పట్టుకుని వంగి నవ్వుతున్నాడు. భుజాలు అచ్చం నాయిన భుజాలే. నాకు ప్రాణం తేలికయింది. మనిషి ఇంత హాయిగా ఉంటే పద్మ అనవసరంగా కంగారుపడుతోందనుకున్నాను. ఏమిటంత జోకు అని చెయ్యి తిప్పి అడిగాను. పైకి పొమ్మని వేలు చూపించాడు.

పైన అమ్మ కిటికీ పక్కన చాటలో గోధుమలు ఏరుతోంది. ఎనభై దాటినా చూపు ఎంత పదునో చెవి కూడా అంతే. గిర్ని చప్పుడు నేల గుండా వచ్చి చాటను సన్నగా వణికిస్తోంది. నన్ను చూడగానే, పద్మ పిలిపించిందా అని అడిగింది. ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను. ఊరికే వచ్చినదానివి చెప్పులు ఇంట్లోకెందుకు తెచ్చినవని అడిగింది. చూసుకుంటే నిజంగానే కాళ్లకు చెప్పులున్నాయి. బయట విడిచి వచ్చి, వల్లెవేసుకున్నదంతా అప్పజెప్పాను. తమ్ముడి ఊపిరి, డాక్టరు మాట, షెడ్డు అద్దెకిస్తే చాలన్న సంగతి. అమ్మ గోధుమల్లోంచి రాయి తీసి కిటికీలోంచి విసిరేసింది.

"గా గిర్ని మీకు బువ్వ పెట్టింది. బువ్వ పెట్టింది ఎట్ల చంపుతది బిడ్డా?"

దానికి నా దగ్గర జవాబు లేకపోలేదు. కానీ సరిగ్గా అప్పుడే కింద రాగుల పిండి వాసన వెచ్చగా మెట్లెక్కి వచ్చింది. నా ధైర్యం ఎప్పుడూ పిండి కొద్దీ రొట్టే. ఎవరి ముందుంటే వాళ్ల మాట నాకు సబబుగా తోస్తుంది. పోనీ పూర్తిగా మూయకుండా పొద్దుటిపూట మాత్రం నడిపితేనో, మూతికి మంచి మాస్కు పెట్టుకుంటేనో, పనికి ఎవరినైనా పెట్టుకుంటేనో అని నసగడం మొదలుపెట్టాను. పైగా దిల్‌సుఖ్‌నగర్‌లో మిగిలిన పాత గుర్తు ఇదొక్కటే కదా అని కూడా అన్నాను. అమ్మ మొహం విప్పారింది. చదువుకున్నదానివి, నువ్వు సరిగ్గా చెప్పినవంది. గడపలో నిలబడి వింటున్న పద్మ మాత్రం చేతిలో చాయ్ గ్లాసు నా ముందు పెట్టి నెమ్మదిగా అంది.

"నువ్వు ఆరు నెలలకొకపారి వచ్చి వాసన చూసి పోతవ్ వదినా. ఆయన పీలుస్తడు."

నేను చాయ్ గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాను. మమ్మల్నిద్దర్నీ అమ్మ మార్చిమార్చి చూస్తోంది. లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాను. అప్పుడు కరెంటు పోయింది.

పైన ఇన్వర్టరు ఉంది కాబట్టి ఫ్యాను తిరుగుతూనే ఉంది. కింద మాత్రం రాళ్లు మూలుగుతూ నెమ్మదించి, పట్టా ఒకసారి తపతపలాడి, అంతా ఆగింది. చాటలో గోధుమలు వణకడం మానేశాయి. ఆ ఖాళీలోంచి, మెట్ల మీదుగా, ఒక శబ్దం పైకి వచ్చింది. దగ్గు. తెర మీద తెరగా వస్తోంది. ఒకటి ముగిసిందనుకునేలోపు దాని అడుగునుంచి ఇంకొకటి లేస్తోంది. మధ్యలో గాలి లోపలికి లాక్కునే ఈల. నేను మెట్ల దగ్గరికి వెళ్లి కిందకు తొంగిచూశాను. తమ్ముడు డబ్బాల బల్ల పట్టుకుని వంగి ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. తువ్వాలు కళ్లకు అద్దుకుంటున్నాడు. ఇందాక నేను చూసి తేలికపడ్డ మనిషే, అదే భంగిమ. ఇప్పుడు చప్పుడు లేదంతే. రాత్రిళ్లు మందు పీల్చి పడుకుంటాడు కాబట్టి ఇంట్లో ఇంత వినపడదని, పనిలో ఉన్నప్పుడే ఇట్ల తన్నుకొస్తుందని పద్మ గొంతు తగ్గించి చెప్పింది.

అమ్మ చాట పక్కన పెట్టేసింది. మెడ కొంచెం వాల్చి వింటోంది. ఎప్పటిదో పాత గొంతు ఆనవాలు పడుతున్నట్టు ఆమె మొహం ఉంది. నాకు కాక గోడకు చెప్పినట్టు అంది.

"వీడు బీడి ముట్టలే గద."

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఊపిరాడదనిపించి, నాకు రావలసిన మాట కాకుండా వేరేది నోటికి వచ్చింది. నాయిన గిర్నిలో అట్లా వంగిపోయి నవ్వేవాడమ్మా, నేను బడి నుంచి రాగానే చూసేదాన్ని అన్నాను. అమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు. చిన్నపిల్ల తప్పుగా చదివిన వాక్యాన్ని సరిచేసేటప్పుడు ఉండేపాటి జాలి ఉంది.

"పనికాడ మీ నాయిన ఎన్నడు నవ్విండు బిడ్డా?"

నా ఆస్తి అని వేదికల మీద చెప్పుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆయన దగ్గుతుంటే చూసి, నన్నూ నవ్విస్తే బాగుండునని అసూయపడ్డాను. మా ఇంట్లో మాత్రమే సాధ్యమైన పొరపాటు అది. వేరే ఏ ఇంట్లోనైనా పిల్లలకు తండ్రి దగ్గు వినపడుతుంది. నేను దాని మీద ఒక జీవితాన్ని, కొన్ని పుస్తకాల్ని కట్టుకున్నాను. కుర్చీలో కూర్చోబోయి మళ్లీ లేచాను. అప్పటికే అమ్మ లేచి నిలబడింది. గోడ పట్టుకుని మెట్ల వైపు నడిచింది. పద్మ చెయ్యి అందిస్తే వద్దంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగుతుంటే వెనక నేను, నా వెనక పద్మ. కరెంటు వచ్చేలోపు కిందకు చేరాలన్న తొందర ఆమె వీపులో కనపడింది.

అమ్మ రావడం చూసి తమ్ముడు తువ్వాలు మూతికి గట్టిగా కట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. దగ్గును లోపల ఆపుకోవడంతో మెడనరాలు ఉబ్బాయి. అమ్మ అతన్ని దాటి వెళ్లింది. గిరాకీల వైపు తిరిగింది. డబ్బాలు తీస్కపోండ్రి, గిర్ని బంద్ అయింది అని చెప్పింది. ఆ చెప్పడంలో పెద్ద విశేషమేమీ లేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. గుంటూరు ఆవిడకు అర్థం కాలేదు.

"కరెంటు వస్తుంది కదా మామ్మగారూ. కాసేపు కూర్చుంటాం."

"కరెంటు వస్తదమ్మా. ఇగ ఇది తిరగది."

మెస్సు ఆమె లేచి తన డబ్బా చంకన పెట్టుకుంది గాని కదల్లేదు. తమ్ముడు తువ్వాలు కిందకు లాగి, గుంటూరు ఆవిడ రాగులు సగం రాళ్ల మీది గరాటులోనే ఉన్నాయని, ఈ ఒక్క గిరాకీ అయిపోగానే మూసేస్తానని అన్నాడు. మాట సగంలో దగ్గు అడ్డం పడింది. అమ్మ ఆ దగ్గు పూర్తయ్యేదాకా ఆగింది. తర్వాత చీర కొంగు నడుముకు చుట్టుకుని, నాయిన పోయిన కొత్తల్లో గరాటు అందడానికి ఎక్కి నిలబడ్డ దిమ్మె మీదకే మెల్లగా ఎక్కింది. గరాటులో చెయ్యి పెట్టి, పట్టకుండా మిగిలిన రాగుల్ని దోసిలితో ఎత్తింది. ఎక్కడ పొయ్యాలో తెలియక చూస్తుంటే నేను గుంటూరు ఆవిడ డబ్బా అందుకుని కింద పట్టాను.

ఎదురుగా జిరాక్స్ షాపులో ట్యూబులైట్లు వెలిగాయి. హాస్టల్ మీద మోటారు ఒకటి గుర్రుమంది. కరెంటొచ్చిందని మెస్సు ఆమె మెల్లగా అంది. తమ్ముడి చెయ్యి అలవాటుగా గోడ మీది స్టార్టరు దాకా లేచి, అక్కడే ఆగింది. అతను అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఎత్తలేదు. ఇంకో దోసిలి రాగులు తీసి డబ్బాలో పోసింది. పిండి కలిసినవి పక్కకు పెట్టమని నాకు చెప్పింది. పెట్టాను.